పెదవులు కలిసే చోటు

సమ్మె పదకొండో రోజు.
సాలిగ్రామం, అరుణాచలం రోడ్డు,
డబ్బింగ్ థియేటర్ గేటుకి ఎదురుగా షామియానా.
అద్దె రోజుకి ఎనిమిది వందలు,
ఫ్యాను కావాలంటే మరో నూటయాభై.
ఫ్యాను అడగలేదు.

నా పని మీకు తెలియదు.
తెలిసిందంటే నేను సరిగ్గా చెయ్యనట్టు.
అరవంలో తెరుచుకున్న నోట్లో
తెలుగు పెడతాను.
పెదవులు కలిసిన చోట ప, బ, మ,
ఇంకేదీ అతకదు.
'వేండామ్' అని మూసుకున్న నోటికి
'వద్దు' అంటే చాలదు, నోరు తెరిచే ఉండిపోతుంది.
ఒకసారి ఒంటరి పిల్ల చేత
'వద్దన్నాం' అనిపించాను.
కథలో ఆమెకి ఎవరూ లేరు,
బహువచనం పెదవుల కోసం.
ఎవరూ పట్టుకోలేదు.

ఇరవై మూడేళ్లు.
'మాటలు' అన్న చోట మరొకాయన పేరుంటుంది.
మంచివాడే, దీపావళికి పంచెల చాపు పంపిస్తాడు.

మొన్న మేనేజరు నా బిల్లు మీద
ఎర్ర పెన్నుతో 'అమ్మా'లన్నీ కొట్టేశాడు.
అక్కడా అమ్మే, ఇక్కడా అమ్మే,
ఇందులో మీరు రాసిందేముంది, అన్నాడు.
ఒక్క సినిమాలో నలభై రెండు అమ్మలు.
సమ్మె మొదలైంది దానికే అంటే
పేపరువాళ్లు నవ్వుతారని
'బకాయిలు' అని రాసిచ్చాం.

ఎస్తేరుది గూడూరు. ఏడుపు గొంతు.
నవ్వడానికి వేరేవాళ్లున్నారు,
ఏడవాల్సొస్తే ఈమెకి ఆటో పంపిస్తారు.
ఈసారి పంపలేదు.
నీ ఏడుపులన్నీ మా కంప్యూటర్లో ఉన్నాయి,
పొడుగువి, పొట్టివి,
ఎక్కిళ్లతో, ఎక్కిళ్లు లేకుండా,
కావలసినప్పుడు తీసుకుంటాం, అన్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది,
తమ్ముడు పోయాడని.
ఏడ్చింది.
సిగ్గు లేకుండా మేమందరం చెవులు రిక్కించాం,
ఏ సినిమాలోదో గుర్తుపడదామని.
ఏ సినిమాలోదీ కాదు.
గీరుకుపోయిన చిన్న శబ్దం,
స్టవ్ ఆపేశాక కుక్కర్ చేసేలాంటిది.
మైకు ముందు అలా ఏడిస్తే
ఇంకో టేక్ అంటారు.
కదిరేశన్ లేచి తువ్వాలు పరిచాడు, బస్సు ఛార్జీకి.
గేటు లోపలి వాచ్‌మన్ కూడా వచ్చి
ఇరవై వేసి,
లోపలికి వెళ్లి మళ్లీ గేటు మూశాడు.

నినాదం నన్ను రాయమన్నారు.
సినిమాల్లో నాలుగు సమ్మెలకి రాశాను.
జెండాలు అద్దెవి, గుంపుకి పూటకింత,
మధ్యాహ్నం పెరుగన్నం పొట్లం.
అప్పుడు మాటలు తోసుకుంటూ వచ్చేవి.
ఇప్పుడు అట్ట ముందేసుకుని కూర్చుంటే
స్కెచ్ పెన్ను ఆరిపోయింది.
ఎదురుగా కదిలే పెదవులు లేకపోతే
మాట ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలియదు.

నిన్న రాత్రి వడపళనిలో బస్సు దిగుతుంటే
మేనేజరు ఫోను.
ఒక్క రీలు. క్లైమాక్సు. రెట్టింపు ఇస్తాం.
మూడో కంటికి తెలియదు.
పేరు వేస్తాం, విడిగా, పూర్తి పేరు.

పూలకొట్ల దగ్గర నిలబడిపోయాను.
మరువం వాసన. ఎవరో తడిగోనె దులుపుతున్నారు.
ఆ క్లైమాక్సు సమ్మెకి ముందే చూశాను, మూగగా.
నోరు ఎక్కడెక్కడ మూతపడుతుందో
నాకు వేళ్ల మీద ఉంది.

'వద్దన్నాం,' అన్నాను.

అటువైపు కాసేపు ఏమీ లేదు.
'పక్కన ఎవరెవరున్నారు సార్?'
ఎవరూ లేరు.
నోట్లోంచి అలా పడింది, అంతే.

ఇల్లు చేరేలోపు రీలంతా తలలో పూర్తయింది,
ఆఖరి డైలాగుతో సహా,
పెదవి పెదవికీ అతికి.
బాగా వచ్చింది కూడా.

రేపు ఎస్తేరు గూడూరు నుంచి వస్తుంది.
ఫోను సంగతి చెబుతాను.
ఇది చెప్పను.