తరుగు

ఉన్ని షెడ్డులో నా పని తూకం.
అంగోరా మేకల బొచ్చు బేళ్లు కొక్కేనికి వేలాడదీసి
ముల్లు వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి
అంకె చదువుతాను.
తడికి ఇంత, మట్టికి ఇంత, పేడకి ఇంత అని
తరుగు తీసి రాస్తాను.
లెసోతో కొండల్లోంచి గుర్రాల మీద దిగొచ్చిన కాపరులు
నా కలం వంకే చూస్తుంటారు,
తీర్పు చదవబోయే నోటి వంక చూసినట్టు.

ఇవాళ ఆ చూపు నాది.

క్లినిక్ దూలానికి అదే కొక్కెం, అదే గుండ్రటి ముఖం.
బేలు బదులు
నీలం గుడ్డ లాగులో వేలాడుతూ
నా లినేయో.
ఏడు నెలలది. గాల్లో కాళ్లు తన్నుకుంటోంది.
అది గుక్కపట్టి ఏడుస్తుంటే ముల్లు కుదురుకోదు.

"అయిదు కిలోల తొమ్మిది వందలు,"
అంది నర్సు పుసెలెత్సో.
పిల్ల పుస్తకంలో చుక్క పెట్టింది,
పోయిన నెల చుక్క కన్నా కింద.
చుక్కకీ చుక్కకీ గీత కలిపింది.
అచ్చం మా ఇంటి నుంచి వాగులోకి దిగే దారి.

వరసలో నా వెనకావిడ కొడుక్కి
మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత.
చూడకూడదనుకుంటూనే చూశాను.
వాడు తుమ్మాడు. నా దిష్టే తగిలిందేమో.

"పాలు చాలుతున్నాయా?
జావలో నూనె వేస్తున్నావా? గుడ్డు?"
అన్నిటికీ అవునన్నాను.
గుడ్డు దగ్గర కొంచెం ఆగి అన్నాను.
మూడు కోళ్లు మాకు.
గుడ్లు కొట్టుకి వెళ్లి కిరసనాయిలై తిరిగొస్తాయి.

మా వాళ్లలో బిడ్డ పుడితే తల్లి పేరు మాసిపోతుంది.
సెలోమెంగ్ అని నన్ను పిలిచే నోరు
ఈ కొండ మీద ఇక లేదు.
మా-లినేయో. లినేయోని కన్నది. అంతే నేను.
ఆ చుక్క జారితే
దానితోపాటు నా పేరూ జారుతుంది.

అత్త మా-మొఖెలే అంటుంది:
"నా కొడుకూ ఇంతే, చలికాలం మేకపిల్లలా ఉండేవాడు.
ఇప్పుడు చూడు, గుమ్మం పట్టడు!"
ఆవిడ రోజుల్లో తక్కెడ లేదు.
భయం ఉండే ఉంటుంది, దానికి అంకె లేదు.
నాకు అంకె ఉంది.
దీపం ఆర్పాక చీకట్లో
పిల్ల డొక్కల మీద వేళ్లతో లెక్కపెడతాను.
లెక్క ఎప్పుడూ సరిపోతుంది, అదే బాధ.

లాగులోంచి పిల్లని తీసేశాం.
కొక్కెం ఖాళీగా ఊగుతోంది.
అలవాటు కొద్దీ చూశాను:
ముల్లు సున్నా మీద లేదు.
రెండు గీతలు ఇవతలే ఆగిపోయింది.

"అక్కా, ముల్లు."
ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది.
నా వంక చూసింది, దాని వంక చూసింది,
ఏమీ అనకుండా వెనకాల మర తిప్పింది.
పిల్లని మళ్లీ ఎక్కించాం. మళ్లీ ఏడుపు.
ఆరు కిలోల నూరు.
పాత చుక్క కొట్టేసి కొత్తది పెట్టింది,
ఎర్ర గీతని ఆనుకుని,
నడిచి నడిచి గోడకి చేరబడ్డ మనిషిలా.

ఊపిరి వదిలాను.
వదిలినదాన్ని వెంటనే పట్టుకున్నాను:
పోయిన నెలా ఈ ముల్లేనా?
అయితే తరుగు తరుగే.

నర్సుకీ తెలీదు. "వచ్చే నెల చూద్దాం," అంది.
గుడ్డు సంగతి మళ్లీ అడిగింది.

మా కాపరులు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.
అడగొచ్చని వాళ్లకి తెలీదు.

దుప్పట్లో పిల్లని వీపుకి కట్టుకున్నాను.
వాగు దాటాక అంతా ఎక్కుడే.
ఇవాళ్టి గుడ్డు కొట్టుకి పోదు,
చీకటైతే చీకటి.
సగం దారికి నడుం లాగింది, మోకాళ్లు పట్టేశాయి,
మొదటి బండ మీదే కూలబడ్డాను.
వెనక నా మెడ మీద వెచ్చగా చొంగ.
"ఇంత బరువా నువ్వు,
దొంగపిల్లా, ఇంత బరువా," అని తిట్టాను.
లేచి నడుస్తూ
ఇంకోసారి తిట్టాను, గట్టిగా,
ఎదుటి కొండకి వినపడేట్టు.