తొడిమ గుర్తు

పలమనేరు దాటినాక వి.కోట రోడ్డులో
నైలాను వల కప్పిన ఎకరా టమాటా మడి.
లోపలికి తేనెటీగ రాకూడదు.
మేము రావచ్చు, పదకొండు మందిమి,
తలకు తువాలు, నడుముకు డబ్బా.

మాపటేళ మొగ్గల పని.
రేపు విచ్చుకోబోయేదాన్ని ఈ పొద్దే పట్టుకోవాల.
కొన పసుపు తిరిగుంటాది, ఇంకా నోరు తెరిచుండదు.
పట్టకారుతో రేకుల సందు విప్పితే
లోపల పసుపు గొట్టం,
పుప్పొడి సంచులు ఒకదాన్నొకటి కరుచుకోని నిలబడుంటాయి.
ఒక్క లాగుడుకి గొట్టం ఊడి రావాల,
దాని నడిమి పచ్చ పుల్ల వంగకూడదు.
వంగితే ఆ పువ్వు కూలి నాది కాదు.

మొదటి వారం తొంభై విరగ్గొట్టినా.
సూపర్‌వైజరు దొరవేలు తొంభై లెక్కబెట్టినాడు.
సెంగమ్మక్క పక్కకొచ్చి
"ఊపిరి బిగబట్టి తియ్యి మే,
బిడ్డ కంట్లో నలుసు తీసినట్టు" అనింది.
ఆ మాట తరవాత విరగలేదు.

మగ చెట్లు గెనానికి అవతల, వేరే వరసలు.
వాటి పూలు కోసి, గొట్టాలు వలిచి,
రాత్రంతా బల్బు కింద ఆరబెట్టి
తెల్లారి పల్చటి గుడ్డలో జాడిస్తే
గిన్నె అడుగున చిటికెడు పిండి.
అంత పొద్దూ కోసిన పూలకి అంతే.
ఎవురైనా తుమ్మితే కంపెనీ మునిగిపోతాదంటాడు దొరవేలు.

పొద్దున్నే ఉంగరం తొడుక్కుంటా.
నా ఏలికి పడిన మొదటి ఉంగరం, ప్లాస్టిక్‌ది.
రాయి ఉండాల్సిన చోట గుంట,
గుంటలో పుప్పొడి.
నిన్న బోడి చేసిన పువ్వును వంచి
పచ్చ పుల్ల కొనను దాంట్లో ముంచతా.
కొన జిగటగా ఉంటాది.
అంటుకునిందా లేదా కంటికి ఆనదు,
ఏలికి తెలుస్తాది.
ఆనక తొడిమ ఆకులు రెండు తుంచేయాల.
తుంచిన గుర్తుంటేనే కాయ కంపెనీది,
గుర్తు లేనిది ఎంత ఎర్రగా పండినా పారెయ్యాల్సిందే.

రాత్రి మా యామిని సైన్సు పుస్తకం గట్టిగా చదవతాండింది.
రక్షక పత్రాలు, కేసరాలు, కీలం, కీలాగ్రం, అండాశయం.
నా చేతిలో దినానికి ఎనిమిదినూర్ల సార్లు తిరిగేవాటికి
ఇన్ని పేర్లుండాయా అనుకున్నా.
"పచ్చ పుల్ల ఏదిమే?"
"కీలం. పుప్పొడి దాంట్లో నాళం చేసుకోని
అండాశయం దాకా దిగతాదిమా."
"ఎన్నాళ్ళకి?"
పుస్తకం తిరగేసింది, లేదు.
"నాలుగో నాటికి కింద ఆవగింజంత ఉబ్బు కనిపిస్తాది" అన్నా.
పెన్సిలుతో బొమ్మ పక్కన రాసుకునింది,
అమ్మ: నాలుగు దినాలు.

ఒక మధ్యాన్నం వల చినిగిన మూలనుంచి తుమ్మెద దూరింది.
నల్లగా, బొటనేలంత.
మగ వరసలో ఒక పువ్వును కాళ్ళతో కరుచుకోని
జుమ్మని వణికింది.
పువ్వు కూడా వణికింది.
గొట్టం కొననుంచి పిండి జలజలా దాని పొట్ట మీద.
పట్టకారు లేదు, బల్బు లేదు, గుడ్డ లేదు.
తరిమేదానికి తువాలు తీసినదాన్ని
తీసినట్టే నిలబడిపోయినా.

అది గెనం దాటింది.
నిన్న నా కండ్లు తప్పిపోయిన పువ్వొకటి
ఆకుల చాటున రేకులన్నీ విప్పుకోనుంటే
పోయి దాని మీదే వాలింది.
గొట్టంతో ఉండే పువ్వు. పీకెయ్యాల.
ఆకు సర్ది వచ్చేసినా.

నెలన్నర దాటినాక ఆ కొమ్మకి కాయ పండింది.
తొడిమ ఆకులు ఐదుకైదూ ఉండాయి.
దొరవేలు చూసి "గుర్తు లేదు, పారెయ్" అన్నాడు.
పారేసినా,
మా ఇంటి చారులోకి.