ఊదారంగు వైరు

ఆర్సీలో నాది నాలుగో పేరు.
మలక్‌పేటలో బేరం కుదిరిన రోజు
ఏజెంటు బానెట్ మీద చరిచి చెప్పాడు:
"ఇంజను ముత్యం అక్కా, కళ్లు మూసుకుని తీస్కో."
వైరింగు మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

కర్రీ పాయింటుకు బండి కావాలి నాకు.
పప్పుచారు డబ్బా, గుత్తివంకాయ గిన్నె, అన్నం తపేలా,
విద్యానగర్ నుంచి రెండు హాస్టళ్ల దాకా
ఒలక్కుండా పోతే చాలు.

మూడో రోజుకు తెలిసింది,
ఎడమ ఇండికేటర్ వేస్తే
వైపరు ఒకసారి ఒళ్లు విరుచుకుంటుందని,
హారన్ కొడితే లోపలి లైటు ఉలిక్కిపడుతుందని.
సరే, పాత బండి.
ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతుంది.

కానీ స్టీరింగు పక్కన
ఎవరో డ్రిల్లుతో పొడిచిన బెజ్జంలో
చిటికెన వేలి గోరంత ఎర్ర బల్బు.
కంపెనీది కాదు. దాని మీద గుర్తేమీ లేదు.
నల్లకుంట స్పీడు బ్రేకరు దగ్గర వెలుగుతుంది.
శంకరమఠం మలుపులో మళ్లీ.
వెలిగినప్పుడల్లా నా కాలు
నన్నడక్కుండానే బ్రేకు మీదికి పోయేది.
వెనక పప్పుచారు ఒలికేది.

ముషీరాబాద్‌లో మొహతెషాం భాయ్ దుకాణం.
దుకాణమంటే మూసిన షట్టరు ముందు ఒక బల్ల,
ఒక బ్యాటరీ, తీగకు వేలాడే టెస్టు లాంపు.
కింది ప్యానెల్ ఊడదీయగానే
సేమియా పొట్లం పగిలినట్టు
వైర్లన్నీ ఆయన ఒళ్లో పడ్డాయి.
"యా అల్లా" అని, చాయ్ చెప్పి, అప్పుడు కూర్చున్నాడు.

చేతిరాత చదివినట్టు చదివాడు.
"గీ టేపు వానల చుట్టిండు, జిగురు పట్టలే.
గీ ముడి ఎడమచేతి మనిషిది.
గీనెవడో పైసలియ్యలేదని సగంల లేచిపోయిండు."
ఆగాడు.
ఊదారంగు వైరు ఒకటి,
జానెడుకొక చోట పూలు కట్టే దారంతో కట్టి ఉంది.
అతుకు దగ్గర టంకం నీటిబొట్టులా నున్నగా.
"గిది కట్టినోడు తొందర్ల లేడమ్మా."

ఆయన ముందు లాగుతుంటే
నేను వెనక ఏది కదులుతుందో చూశాను.
మ్యాటు కింద, గడప రబ్బరు కింద,
సీటు వెనక రేకు దాకా వచ్చి ఆగింది.
అక్కడొక కాలింగ్ బెల్ బొత్తాం. నా మోకాలి ఎత్తులో.
నా అన్నం తపేలా అంచు దానికే తగులుతోంది ఇన్నాళ్లూ.
చుట్టూ గీకేసిన స్టిక్కర్లు,
ఒక సీతాకోకచిలుకది ఒంటి రెక్క.
తలుపు సందులో తెల్లరంగు కింద పసుపు.

"పిల్లల బండి" అన్నాను.
ఆయన తలూపలేదు. చాయ్ చల్లారుతోంది.
"బెల్లు పెట్టొచ్చు. సస్తా.
బల్బు పెట్టిండు" అన్నాడు.
కాసేపటికి చెవి దాకా చెయ్యి పోయి
ఊరికే గోక్కుని వచ్చింది.
ఆర్టీసీ బస్సొకటి గట్టిగా హారన్ కొట్టి పోయింది.

"కోసెయ్యనా?"
కటర్ ఆయన చేతిలో తెరుచుకునే ఉంది.

ఆరు వందలు తీసుకున్నాడు.
చచ్చిన వైర్లు గుప్పెడు పేపర్లో చుట్టిచ్చాడు.
నల్లది ఒకటి ఇంజను గోడలోకి పోయి ఏమైందో తేలలేదు,
"నడుస్తున్నది గదా" అని ముట్టలేదు.
వైపరు మాత్రం ఇంకా విరుచుకుంటూనే ఉంది.

తపేలా కుడివైపుకు మార్చాను.
నాలుగు రోజులు బల్బు వెలగలేదు.
శంకరమఠం దగ్గర కాలు దానికోసం చూసేది.

ఐదో రోజు ఖాళీ గిన్నెల మధ్య
మా వంటమనిషి స్వరూప కొడుకు కూర్చున్నాడు.
బర్కత్‌పుర దాటగానే ఎర్రగా, ఒక్కసారి.
బండి పక్కకు తీసి వెనక్కి తిరిగాను.

"ఏమైందిరా?"
"ఏం లే.
ఆగుతవో లేదో చూసిన."