ఏ గుంపో నాకు చెప్పొద్దు

నా పని తొమ్మిది ప్రశ్నలడుగుడు.
పోయిన రెండు వారాలల్ల
ఎన్ని దినాలు పనిమీద మనసు పోలేదు,
ఎన్ని రాత్రులు కన్నంటలేదు,
ముద్ద ఎన్నిసార్లు గొంతుల అడ్డం పడ్డది.
సున్న, ఒకటి, రెండు, మూడు.
ఆఖరి ప్రశ్న అడిగేముందు
మంచినీళ్ల గిలాస కొంచెం వాళ్ల దిక్కు జరుపుత.
అది ట్రైనింగుల చెప్పలే.

కొత్తవాడల ఆడెపు సదానందం,
మొదటి రోజు ఇరవై ఒకటి.
గుంతమగ్గం మీద సగం నేసిన జంపఖానా
ఆగిపోయి నలభై దినాలు,
పడుగు మీద దుమ్ము.
కవరు చింపినోళ్లు వేరే.
లోపల చీటి మీద ఏమున్నదో,
షాహెదా ముంగట వారానికోసారి కూసుండి మాట్లాడాలెనో,
మూడు నెలలు వరుసల ఆగాలెనో
నాకు తెల్వొద్దు.
తెలిస్తే నా చెవి ఒక దిక్కు ఒరుగుతది,
ఆయన రెండా మూడా అని నసిగినకాడ
చెయ్యి దానంతటదే రెండు రాస్తది.
అందుకే గడపల్నే చెప్త:
"పెద్దయ్యా, ఏ గుంపో నాకు చెప్పొద్దు."

"అందరు చెప్పు చెప్పు అని పానం తీస్తుంటే
నువ్వొక్కదానివి చెప్పొద్దంటున్నవ్"
అని నవ్విండు.
నవ్వుకు ఫారంల గడి లేదు.

ఫాతిమానగర్ థెరీసమ్మ నేను ఆపేలోపట్నే అన్నది,
"నాకింక వరుస రాలే బిడ్డా."
పంతొమ్మిది పదమూడైంది.
ఎట్ల తగ్గిందమ్మా?
"నెలకోసారి వచ్చి నిద్ర పట్టిందా అని అడుగుతవు గద.
మా ఇంట్ల ఆ మాట అడిగినోళ్లు లేరు."

నన్ను తరాజనుకొమ్మన్నరు.
తరాజు గుడ గింజల్ని ముట్టుకుంటదాయె.
కొంత బాధ కాలం తోని తగ్గుతది,
కొంత వానలు పడితే,
కొంత ఎవలన్న తలుపు కొడితే.
అదంత తీసేసినంక మిగిలిందే షాహెదాది.
ఆమెకు దక్కేది ఎంత తక్కువో అనిపించింది ఆ పొద్దు,
కాజీపేట బ్రిడ్జి మీద ఆటోల కూసుండి.

మామునూరు పిలగాడు రెండుసార్లు వచ్చి మానేసిండు.
ఇంటికి తాళం, ఫోన్ మోగది.
వాని అడ్డగీత పొడుగంత ఖాళీ.
తీసేద్దామా సార్ అని అడిగిన.
లెక్కల సారు తల అడ్డం ఊపిండు:
పోయినోళ్లను తీసేస్తే ఉన్నోళ్లే మిగులుతరు,
అందరు బాగైనట్టే కనబడ్తది.
ఏ చీటి వచ్చిందో ఆ గుంపుల్నే ఉంచాలె,
వచ్చినా, రాకున్నా.

లెక్కలంటే నాకు పదో తరగతి నుంచి భయం.
ఇంత కనికరం అండ్ల ఉంటదని
ఎవలు చెప్పలే.

మూడోసారి పోయేసరికి
సదానందం చాయ్ తెచ్చుటానికి లేసిండు.
జేబుల్నుంచి చిన్న నోటుబుక్కు జారి
చాప మీద తెరుచుకొని పడ్డది.
"సోమారం, పోచమ్మమైదాన్ దాంక నడిచిన.
గురువారం, నాలుగు పోగులు నేసిన.
మనసు లేకున్న నేసిన."
గోడ దిక్కు తిరిగిన. ఆలస్యమైంది.
మనసు వచ్చినంక పని గాదు,
పని చేస్తుంటే వెనుక వెనుక మనసు వస్తదని
షాహెదా చెప్పి ఉంటది.
చెప్పి, ఊకే ఉండి, మళ్ల వారం అడిగి ఉంటది.

నిద్ర ప్రశ్నకు, "రెండనుకో... కాదు, ఒకటే" అన్నడు.
నేను రెండు రాసిన,
ఆయన మీద పావురం పడ్డదేమోనన్న భయానికి.
అది గుడ తప్పే. కొట్టేసి ఒకటి రాసిన.
కింద ఆఖరి గడి:
ఏ గుంపో మీకు తెలిసిందా?
"అవును" అని గీసి సంతకం పెట్టిన.
మొత్తం తొమ్మిది.

ఏడాది తర్వాత మీటింగుల తెర మీద
రెండు గుంపుల నడుమ తేడా మూడున్నర.
"అంతేనా?" అన్నరెవలో వెనుక కుర్చీల నుంచి.
తప్పేం లేదు, నేను గుడ అట్లనే అనుకున్న.

దారిల కొత్తవాడల దిగిన, ఫారం లేకుంట.
జంపఖానా ఇంక మగ్గం మీదనే ఉన్నది.
పడుగు మీద దుమ్ము లేదు.