మూడో షిఫ్టు

ఎనిమిది కుర్చీలు, ఒక్క టీవీ.
రిమోట్ల బ్యాటరీలు అయిపోయి నెల దాటింది.
అందుకే రాత్రి తొమ్మిదిన్నరకు
చట్టం ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని
నాలుగు డబ్బాలల్ల నలుగురు మొత్తుకుంటుంటే
మా నెత్తురు వినుకుంటనే బయటికొచ్చి
గొట్టంల ఒక చుట్టు తిరిగి
జర సల్లబడి వాపస్ పోతది.

నేను ట్యాంకర్ డ్రైవర్ని.
మణికొండ అపార్ట్‌మెంట్లకు, నానక్‌రాంగూడ హాస్టళ్లకు
ట్రిప్పుకు ఐదువేల లీటర్లు పోసొచ్చినోన్ని.
ఇప్పుడు నాకు దినానికి అరలీటరు.
గోలీలు మింగంగ మిగిలింది
స్టీలు గిలాసల గీత పెట్టుకొని తాగుత.
టీవీల ఎవరేమంటున్నరో సగమే ఎక్కుతది,
నా కండ్లు వాళ్ల ముందరున్న నీళ్ల మీదనే.
పసుపుపచ్చ చొక్కాయన రెండు గుటకలు తాగి
మిగిలింది అట్లనే ఇడిసిపెట్టిండు.

చట్టం పేరు నాకు నోరు తిరగదు.
నాకు ఎరికైంది కార్డు.
లామినేషన్ అంచు లేసి, లోపటికి తడి దూరి
ఫొటోల నా మొకం ఒక దిక్కు ఉబ్బింది.
అసలుకు నకలు సరిపోయింది.

నాలుగో కుర్చీ బిక్షపతి సారు, ఆర్టీసీల కండక్టరు చేసిండు.
"పాతదే ఉండాలె.
మూడొందల పదకొండు సార్లు కూసున్న ఈ కుర్చీల,
ఒక్కనాడు టికెట్ అడగలె."

ఆరో కుర్చీ గౌసియా ఆపా.
లాడ్‌బజార్ల లక్క గాజులకు రాళ్లు అతికే చెయ్యి
ఇప్పుడు రెండు సూదుల కింద కదలకుండ ఉంది.
"మా ఆయన గుండెకు ఏసే స్టెంటు లిస్టుల ఉండె.
ఆయన పేరే లేకుండె.
హమీద్‌ను హామీద్ అని కొట్టిండ్రు.
ఒక్క దీర్ఘం, సార్.
అది తీపిచ్చేటందుకు పదకొండు దినాలు పట్టింది.
ఆయన తొమ్మిదో దినమే పోయిండు.
మార్చనీయుండ్రి."

"కొత్తదాంట్ల దీర్ఘాలుండయా?" అన్నడు సారు.
అని, తన మాట తనకే గుచ్చుకున్నట్టు
కిటికీ దిక్కు తిరిగిండు.
కింద అఫ్జల్‌గంజ్ల బస్సు హారన్ వినబడితే చాలు
ఏ నంబరో చెప్తడు రోజూ.
ఇయ్యాల రెండు పోయినయి, చెప్పలె.

టెక్నీషియన్ మెర్సీకి మూడు నెలల జీతం బాకీ.
ఆమె ఏ దిక్కూ మాట్లాడదు.
మోగుతున్న మిషన్ మీద వేలు నొక్కి
"బీపీ పడుతుంది, కాళ్లు లేపుండ్రి" అన్నది.
ఆ రాత్రి పనిచేసిన హుకుం అదొక్కటే.

రెండో కుర్చీల కొత్త పిలగాడు, పందొమ్మిదేండ్లు,
మెడల పైపు, దాన్ని తువ్వాలతోని కప్పుకుంటుండు.
వాళ్లమ్మ జిరాక్సుల కట్ట పట్టుకొని నా దగ్గరికొచ్చింది.
"అన్నా, ఇది ఉంటదా పోతదా?
ఇప్పుడే పెట్టుకోవాల్నా, కొత్తది వచ్చేదాక ఆగాల్నా?"

టీవీల యాంకర్ కూడ అదే అడుగుతుండు,
ఒక్క ముక్కల చెప్పుండ్రి, అవునా కాదా అని.
ఆగుడంటే ఎన్ని కుర్చీలో
నేను మనసుల లెక్క కడుతున్న, వారానికి మూడు,

అంతల ఆపా సూదుల్లేని చెయ్యి చాపింది.
"ఫారం ఇటియ్యి. పేరు సదువుండ్రి ఎవరన్న."
ఆమెకు తెలుగు సదువ రాదు,
దీర్ఘం ఒక్కటి గుర్తుపడతది.

కేదారి, అన్నది తల్లి.
కాయితం మీద కెదారి అని ఉన్నది.

సారు అంగీ జేబులకెళ్లి పెన్ను తీసిండు.
ఆపా చేతికెళ్లి సారు దాక ఆ కాయితం చేరాలంటే
నడుమ ఐదో కుర్చీల పండుకున్నాయన్ని లేపాలె.

లేపినం.