కట్టెలెక్కడివి

ఎల్లుండి నా గైడు పరీక్ష.
గోందర్ కోట మొత్తాన్నీ పదకొండు కాగితాల్లో మడిచి
కోటు జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.
ఎవరి ముందైనా ఒకసారి అప్పజెప్పాలి,
అందుకని తాతని తీసుకొచ్చాను.

అరవై ఏళ్ళుగా, చాలు చివర
ఎద్దుల్ని మళ్ళించినప్పుడల్లా
ఈ బురుజుల్ని చూసినవాడు
లోపలికి ఎన్నడూ రాలేదు.
"నాకక్కడ పనేముంది?" అంటాడు.
ఇవాళ మాత్రం ఉతికిన గాబీ కప్పుకుని
ప్లాస్టిక్ చెప్పులు వాగులో కడుక్కుని
పెళ్ళికి వచ్చినట్టే వచ్చాడు.

టికెట్ కిటికీ దగ్గర పది నిమిషాలు బేరం.
"మా కొండ రాళ్ళు చూడ్డానికి నేను డబ్బు కట్టాలా?"
కిటికీలో అబ్బాయి నవ్వాడు,
చిల్లర మాత్రం వదల్లేదు.

"ఇది రాజుగారి విందుల గది," మొదలుపెట్టాను,
గొంతు కాస్త పెంచి, చేయి కాస్త చాచి,
మా మాస్టారు చూపించినట్టే.
తాత పైకప్పు చూళ్ళేదు.
గోడ సందులో వేలు పెట్టి గీకాడు.
గోటికంటిన తెల్లటి పొడిని నాలిక మీద వేసుకున్నాడు.
"సున్నం. బాగా కాలింది.
ఇంత సున్నం కాల్చడానికి కట్టెలెక్కడివి, వుబాలెమ్?"

కాగితాలు తిప్పాను.
రాజు ఎప్పటివాడో ఉంది.
మూలమూలకీ గుడ్డులాంటి గుమ్మటం అని ఉంది.
కట్టెల మాట లేదు.

సింహాల బోనుల దగ్గర:
"వీటికి రోజుకెన్ని మేకలు? ఎవరి మేకలు?"
ఆవిరి స్నానాల గదిలో:
"నీళ్ళు మోసిందెవరు, ఆడవాళ్ళేనా?"
బాంబులు పడి కప్పెగిరిపోయిన గదిలో మాత్రం
ఏమీ అడగలేదు.
అక్కడ రాళ్ళ మధ్య మొలిచిన గడ్డిని
గుప్పెడు పీకి, వాసన చూసి
సంచిలో వేసుకున్నాడు,
సాయంత్రం కాఫీ కాచేటప్పుడు నేల మీద పరవడానికి.
"తాతా, ఇక్కడ ఏదీ ముట్టుకోకూడదు."
"గడ్డి కూడా రాజుగారిదేనా?"

నాకు కోపం వచ్చింది. నిజమే చెబుతున్నాను.
ఒక్క తేదీకైనా తలూపితే
ఆయన సొమ్మేం పోయింది?

మిద్దె మీదికెక్కేసరికి
గాలి గాబీలో దూరి తెరచాపలా ఉబ్బించింది.
కింద రేకుల కప్పులు, నీలం ఆటోల బారు,
ఆ పైన యూకలిప్టస్ తోపులు,
ఆ పైన కోతకొచ్చిన తెఫ్ చేలు,
ఒకే వైపు దువ్విన జుట్టులా;
నడుమ నడుమ వలిసె పూల పసుపు.
తాత కళ్ళకి చేయి అడ్డం పెట్టి వెతకడం మొదలెట్టాడు.

మా చేను కనపడలేదు.
ఎడమ నించి కుడికి, కుడి నించి ఎడమకి
విత్తనం చల్లినట్టు చూపు చల్లాడు.
"అక్కణ్ణించి ఇది ఇంతెత్తున కనపడుతుందే,
ఇక్కణ్ణించి అది కనపడదేం?"
పొద్దుట్నించీ లేని వణుకు ఆ గొంతులో.

కాగితాలు జేబులో కుక్కి
పక్కన నిలబడి నేనూ వెతికాను.
వాగు వంపు పట్టుకుని,
చర్చి చుట్టూ ఉన్న చెట్ల గుంపు దాటి,
తప్పిపోయి, మళ్ళీ వాగు దగ్గర్నించి మొదలెట్టి...
"అదుగో, పొగ."
అవ్వ ఇంజెరా పెనం కింద రాజేసిన పొగ,
దారప్పోగంత.

తాత చాలాసేపు దాన్నే చూశాడు.
ఉన్నట్టుండి చేతులు దొన్నెలా నోటికి పెట్టి
"యెషీ!" అని అరిచాడు.
పావురాలు లేచిపోయాయి.
ఫొటో దిగుతున్న విదేశీ జంట ఉలిక్కిపడింది.
కాపలావాడు ఈల ఊదాడు.
పొగ తన మానాన తాను వంగింది.

దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి చెప్పాడు:
వాళ్ళ ముత్తాత అనేవాడట,
ఇప్పుడు బోడిగా ఉన్న మా కొండ మీద
ఒకప్పుడు ఇద్దరు చేతులు కలిపినా అందనంత
లావు చెట్లుండేవని.
ఎవరు కొట్టారో ఆయనకీ తెలీదు.
పదకొండో కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను.
ఎల్లుండి ఆ మాట అంటానో, అనలేనో.

గేటు దగ్గర తాత టికెట్ కిటికీలోకి వంగాడు:
"మళ్ళీ వస్తా. ఈసారి ఇద్దరం.
ఒక మనిషికి తగ్గించు."