ఇరవై ఎనిమిదో రోజు

మా ఫారంలో మూడో గడి:
విషం ఒంట్లోకి వెళ్ళిన సమయం.
గంటలు వేరే, నిమిషాలు వేరే రాయాలి.
ఎవరికీ తెలియదు.

"కుళాయి ఆగిపోనాక, బావూ."
"కిరండూలు బండి ఎల్లిన కాసేపటికి."
మాడుగుల నుంచి వచ్చినామె
చాలాసేపు ఆలోచించి
"ఆవు పాలు ఇంకా తియ్యనేదు" అంది.
నేను వేళ్ళ మీద లెక్కేసుకుని
ఆరూ నలభై అని రాశాను.
ఎప్పుడో, ఎక్కడో, ఒక వైద్యపత్రికలో
వంకరగీత మీద ఒక చుక్కగా
ఆ ఆవు నిలబడుతుంది.

పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు
అంబులెన్సు రెండో గేరులో మూలుగుతుంది.
దారిలో సబ్బునీళ్ళు పట్టించామని
బంధువులు ధైర్యంగా చెప్తారు.
అలా చెయ్యకూడదని అనను.
దానికీ ఒక గడి ఉంది.

టార్చి వేస్తే కనుపాప ఆవగింజ.
ఊపిరిలో వెల్లుల్లి.
మా ఇంట్లో తాలింపులో వెల్లుల్లి మానేసి మూడేళ్ళయింది,
నా భార్య కారణం అడగడం మానేసి రెండేళ్ళు.

పేరు?
కిల్లాడ తవిటయ్య. ముప్పై ఒకటి.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదట.
వీణ్ణి పొరుగావిడ చేతిలో పెట్టేసి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుందట,
చావు వచ్చి తొంగి చూసినా
విలువైనదేదీ ఈ ఇంట్లో లేదనుకోవాలని.

నా చేతిలో నూట పదిహేడో నంబరు కవరు.
పాత మందు అందరికీ ఎలాగూ వెళ్తుంది.
కవరులో ఉన్నది కొత్త మందో, ఉత్త సెలైనో.
రెండు సీసాలకీ ఒకటే రంగు, ఒకటే మూత.
డాక్టరుకి తెలియదు, నాకు తెలియదు.
"ఏది మంచిదో అదే ఎయ్యండి, బావూ."
ఏది మంచిదో తెలియకే ఈ కవరమ్మా.
ఆమె నన్ను ఎగాదిగా చూసింది.
"ఇంత సదువూ సదివి?"
ఎనిమిది పేజీల అనుమతిపత్రం కింద
వేలిముద్ర వేసింది.
వెనకటి బేరం ఒక్క చేటతో తెగింది.

ఆఖరి గడి: ఉద్దేశం.
కావాలని. పొరపాటున. తెలియదు.
వరండాలో కానిస్టేబులు టీ ఊదుకుంటున్నాడు.
"కూల్‌డ్రింకు సీసాలో ఉంటే, దాహమేసి తాగీసినాడు."
గుక్కతిప్పుకోకుండా మూడుసార్లు చెప్పింది.
పొరపాటున, దగ్గర టిక్కు పెట్టాను.
కిటికీలోంచి చూస్తే ఓడలు
హార్బరు బయట వంతుకోసం ఆగి ఉన్నాయి,
లంగరు వేసి, దీపాలు వెలిగించుకుని.

ఇరవై ఎనిమిదో రోజు ఫోను చెయ్యాలి. నిబంధన.
బతికున్నారా, లేదా. ఒక్క ప్రశ్న.
చాలాసార్లు అవతల ఎవరో ఏడుస్తారు,
నేను పెన్నుకి మూత పెట్టుకుంటాను.
ఈసారి ఒక పీచుగొంతు: "నానే."

ఫారం అక్కడితో అయిపోయింది.
అతను పెట్టెయ్యలేదు.
కుడితి కలుపుతున్నాడట,
గొట్టం దించిన గొంతు ఇంకా గీరుకుంటోందట.
"నాకేసింది మందా, నీళ్ళా?"
నాకూ తెలియదన్నాను.
"మీకూ తెల్దా" అని నవ్వాడు, దగ్గాడు.
ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే,
"అమ్మ ఆవేళ టైము తప్పు సెప్పింది.
ఐదుంపావు.
నాను గడియారం సూసినాను."

గోలెంలో ఆవు మూతి పెట్టిన చప్పుడు
నా చెవిలో.

ఆరూ నలభై మీద ఒక గీత.
పక్కన ఐదుంపావు, తేదీ, నా పొట్టి సంతకం.
ఆఖరి గడి జోలికి వెళ్ళలేదు.
రేపు కూడా ఫోను చెయ్యొచ్చా, అని అడిగాను.
నిబంధనల్లో లేదు.
"సెయ్యండి," అన్నాడు,
"ఆవు పాలు తీసినాక."